డెబ్బై రెండు కిలోల తరుగు

సత్తెనపల్లిలో నేను ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. ఎంతమంది పుస్తకాల్లో ఎన్ని ఎర్ర టిక్కులు పెట్టానో నాకే లెక్క లేదు. లెక్కలమాస్టరు అయ్యుండి ఈ మాట అనడం సిగ్గుచేటే గాని, ఏం చేస్తాం, ఉన్నమాట అది. అన్ని టిక్కుల్లోనూ ఒక్కదాన్ని మాత్రం వెనక్కి తీసుకోగలిగితే బావుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. అది నూర్‌బాషా బుడాన్ నోటుపుస్తకంలో పెట్టింది. పంతొమ్మిది వందల అరవై రెండు, జూన్ నెల. పేజీ కూడా చెప్పగలను, ఇరవై మూడు.

బుడాన్ వాళ్ళ నాన్న పీరు దూదేకేవాడు. ఆ పొడుగాటి విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరుగుతూ, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిపెట్టేవాడు. ఆ నారి మోత విన్నవాళ్ళకి తెలుస్తుంది, చెవిలో తేనెటీగ దూరినట్టు ఉండేది. మా ఇంట్లో పరుపులన్నీ ఆయన చేతివే. కొడుకుని ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నాకు అప్పజెప్పాడు. "మాస్టారూ, ఈడికి దూది వాసన తగలనీయమాకండి" అన్నాడు, అంతే. దూది నలక పోయి పోయి అప్పటికే ఆయన ఊపిరి ఈల వేస్తుండేది.

బుడాన్‌కి లెక్కలు నోటితోనే వచ్చేవి. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. మిగతా పిల్లలు పలకా బలపం వెతుక్కునేలోపు వీడు జవాబు చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు. యాభై ఆరులో ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాడు. ఫలితాలొచ్చిన వారంలోనే పీరు మంచం పట్టాడు. ఇంకేముంది, పదిహేడేళ్ళ బుడాన్ చెంచురామయ్యగారి మిర్చి కొట్లో కాటా దగ్గర నిలబడ్డాడు. పీరు మూడునెలలకి పోయాడు. బుడాన్ మాత్రం కాటా దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ కాటా పని ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కొట్టు ముందు మూడు వాసాలు కూర్చి నిలబెట్టి, వాటికి పెద్ద త్రాసు వేలాడదీసేవాళ్ళు. ఒక తట్టలో తూనికరాళ్ళు, ఒక తట్టలో మిరపకాయల బస్తా. ముల్లు నిలవగానే బుడాన్ గొంతెత్తి అంకె అరవాలి. లోపల గుమాస్తా రాసుకోవాలి. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటి దాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, అలా. ఇది మీకందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటుంది. కాటా చూపించే అంకె ఒకటి, బుడాన్ అరిచే అంకె ఇంకొకటి.

దాన్ని తరుగు అంటారు. గోతం బరువుకి, కాయలో తేమకి, కింద రాలే గింజకి అని చెప్పి బస్తాకి వీశెన్నర తీసేసేవాళ్ళు. కిలోలొచ్చాక అది రెండు కిలోలయింది. ఈ తీసివేత ఏ కాగితం మీదా జరిగేది కాదు. కాటావాడి తలలో జరిగేది. నలభై రెండు కిలోల రాళ్ళకి ముల్లు నిలిస్తే నోటమ్మట 'నలభై' అని రావాలి. ఒకసారి బుడాన్ నాతో అన్నాడు, "మొదటి నెల్లో తలలో తీసేవాణ్ణి మాస్టారూ. తరవాత్తరవాత నా కంటికే తక్కువగా కనపడ్డం మొదలెట్టింది" అని. నేను నవ్వాను. నాకు నవ్వు తొందరగా వచ్చేది, అదే నా జబ్బు.

అరవై రెండు ఎండాకాలంలో ఊళ్ళోకి తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వీశెలు, మణుగులు పోయి కిలోలొచ్చిన కొత్త అది. కొట్టుకొట్టుకీ వెళ్ళి పాతరాళ్ళు తీయించి, కొత్త రాళ్ళ మీద ముద్ర వేశాడు. చెంచురామయ్యగారు ఎవరికీ లేచి నిలబడే మనిషి కాదు, ఆయనకి లేచి కుర్చీ వేశాడట. "చిన్నవాడే మాస్టారూ, నా ఈడు ఉంటాడేమో. చేతిలో ఇంతటి పెట్టె ఉంది. అందులో బుజ్జి బుజ్జి ఇత్తడి రాళ్ళు. ఆటితో మా రాళ్ళు సరిచూశాడు" అని బుడాన్ కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పాడు. కాలేజీ చదువు చదివితే అలాంటి ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చని ఆ ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన జవాను చెప్పాడట. ఇక వీడికి నిద్ర పట్టలేదు.

మే నెల మొదటివారం, మిట్టమధ్యాహ్నం మా అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఎండలకి కాటాలు పొద్దునా సాయంత్రమూ మాత్రమే వేసేవాళ్ళు, మధ్యాహ్నం ఖాళీ.

"మాస్టారూ, కాలేజీలో చేరదామనుకుంటన్నా."

"ఏ కాలేజీరా? నీకు పెళ్ళి కూడా అయిందిగా!"

లోపల్నుంచి మా సుబ్బరావమ్మ అందుకుంది. "పెళ్ళయితే కాలేజీలోకి రానీయరా? మీరు ట్రైనింగుకి పోయినప్పటికి మనకి పెళ్ళయి రెండేళ్ళు. మర్చిపోయారా?"

విషయం ఏమిటంటే, వాడు అప్పటికే గుంటూరు వెళ్ళి ఒక కాలేజీలో కనుక్కుని వచ్చాడు. చదువు మానేసి ఐదేళ్ళు దాటినవాళ్ళని పి.యు.సి.లో ఊరికే చేర్చుకోరట. జూన్ చివర వాళ్ళకి విడిగా ఒక చిన్న పరీక్ష పెడతారు. పది లెక్కలు, కింది తరగతుల్లో చెప్పినవే: భిన్నాలు, దశాంశాలు, శాతాలు, సగటులు. ఆరు చేస్తే సీటు. ఐదు చేస్తే ఇంటికి.

"ఆరేగదరా! నీకు ఆరు ఒక లెక్కా?" అన్నాను.

"నేను చదివినప్పుడు అణాలు, వీశెలు మాస్టారూ. ఇప్పుడన్నీ చుక్కలు. చుక్కకి ఇవతలొకటి, అవతలొకటి. మళ్ళీ మొదట్నించీ చెప్పండి. ఇదొక్కసారే. ఇది పోతే చెంచురామయ్యగారు మళ్ళీ ఎసులుబాటు ఇయ్యడు. ఇప్పుడు ఇచ్చేటప్పుడే 'పోయిరారా, పోతే తెలుస్తది' అన్నాడు."

కరీమున్ సంగతి కూడా చెప్పాలి. కరీమున్ అంటే బుడాన్ భార్య. అదే కొట్లో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళలో ఒకతె. రోజంతా కాయలు తుంచి తుంచి వేళ్ళు మండిపోతుంటే సాయంత్రానికి మజ్జిగలో పెట్టుకు కూర్చునేది. ఆ పిల్ల మా ఆవిడతో అన్నదట, "ఆయన్ని పోనీయండమ్మా. నా చేతులు మండేది ఎట్టాగూ మండిద్ది. ఒకళ్ళన్నా ఈ ఘాటులోంచి బయటపడాలిగా" అని.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చేవాడు. చొక్కా విప్పి గేటుకి తగిలించి, చేతులూ మొహమూ కడుక్కుని అరుగెక్కేవాడు. అయినా సుబ్బరావమ్మ లోపల తుమ్ముతూనే ఉండేది. "మీ శిష్యుడొచ్చాడు, నా ముక్కు చెప్పింది" అనేది. వాడు నొచ్చుకుని రెండడుగులు జరిగి కూర్చునేవాడు. రెండడుగులు జరిగితే పోయే ఘాటా అది!

మొదటిరోజే తెలిసింది, వాడికి రానిది లెక్క కాదు, రాత. మూడున్నర రాయమంటే మూడు వేసి, చుక్క పెట్టి, ఎనిమిది వేశాడు.

"ఇదేందిరా?"

"మూడున్నరండి."

"మూడు పాయింటు ఎనిమిది ఇది. మూడున్నర ఎట్టా అయ్యిద్ది?"

"సగం అంటే ఎనిమిదేగండి?"

రూపాయికి పదహారణాలు, సగానికి ఎనిమిది. నయాపైసలొచ్చి ఐదేళ్ళయినా వాడి తలలో సగం అంటే ఎనిమిదే. పావు అంటే నాలుగే. ముప్పావు పన్నెండే. చిన్నప్పుడు ఆ ఎక్కాలు బాదిబాది వాడి బుర్రలోకి ఎక్కించినవాణ్ణి నేనే. ఇప్పుడు దించడానికి వారం పట్టింది. సగం అంటే ఐదు, సగం అంటే ఐదు అని దారిపొడుగునా జపం చేసుకుంటూ పోయేవాడు. కూరగాయల కొట్టు బుల్లయ్య ఒకరోజు నన్ను ఆపి, "బుడానుకి గాలి సోకిందా ఏందండీ? సగం అంటే ఐదంటా పోతన్నాడు" అని అడిగాడు.

తర్వాత గుణకారాలు, భాగహారాలు, చుక్క జరపడాలు. ఎంత చెప్పినా చుక్క ఒక స్థానం అటోయిటో పడేది. అప్పుడు నాకు మహాగొప్ప ఆలోచన వచ్చింది. ఉత్త అంకెలతో ఎందుకు, వీడికి తెలిసిన వాటితోనే చెబుదాం అనుకున్నాను. బస్తాలతో చెప్పాను. నలభై కిలోల రెండువందల గ్రాముల బస్తాలు ఇరవై ఐదు, మొత్తం ఎంత? ఒక్కరోజులో చుక్క దారికొచ్చింది. ఇక చూస్కోండి, అన్నీ బస్తాలే. సగటు బస్తాలతో, శాతం బస్తాలతో, భిన్నాలు బస్తాలతో. నా తెలివికి నేనే మురిసిపోయాను. స్కూల్లో తోటి మాస్టర్లకి కూడా చెప్పుకున్నాను.

జూన్ రెండోవారంలో ఒక మధ్యాహ్నం, ముప్పై ఎనిమిదిన్నర కిలోల బస్తాలు ఇరవై అయితే మొత్తం ఎంత అని ఇచ్చాను. ఏడువందల డెబ్బై రావాలి. వాడు ఏడువందల ముప్పై రాసి చూపించాడు.

నేను ఒక్క క్షణం చూశాను. అర్థమైంది. పగలబడి నవ్వాను.

"సుబ్బరావమ్మా! ఇట్టా రా! వీడు చూడు, నేనిచ్చిన బస్తాలకి కూడా తరుగు తీశాడు!"

ఆమె గడపలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నయమే, మీక్కూడా తరుగు తీయలా" అంది. బుడాన్ సిగ్గుపడి పెన్ను తీసి కొట్టేయబోయాడు.

"ఉండరా, కొట్టేయమాక. కొట్లో అయితే నీదే రైటు" అని ఎర్ర పెన్నుతో పెద్ద టిక్కు పెట్టాను.

అంతే. అదే ఆ టిక్కు. తర్వాత ఏం చెప్పాలి నేను? పరీక్షలో ఇలా చేయకు, అక్కడ ఎంత ఇస్తే అంతే చూడు అని చెప్పాలి. ఒక్క వాక్యం. చెప్పలేదు. అప్పుడే పోస్టుమాను వచ్చాడో, మజ్జిగ వచ్చిందో, నవ్వులోనే పడిపోయానో, మర్చిపోయాను.

పరీక్షరోజు పొద్దున్నే మొదటి బస్సుకి పోతూ మా ఇంటికి వచ్చాడు. వాడు వేసుకున్న చొక్కాని కరీమున్ మూడుసార్లు ఉతికిందట, కుంకుడుకాయతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు. అయినా హాల్లో ఎండ ఎక్కేసరికి అది మళ్ళీ ఘాటెక్కింది. ముందు బెంచీ వాడు తుమ్మాడు, పక్కవాడు తుమ్మాడు, కాగితాలు పంచే ఆయన కూడా తుమ్మాడు. అందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే వీడు తల వంచుకుని రాశాడట. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఇచ్చారు ప్రశ్నలు. మూడు లెక్కలు అసలు ముట్టుకోలేదు, ఒకటి సగంలో ఆగిపోయింది. ఆరు పూర్తిగా చేశాడు.

"ఆరూ గట్టిగా చేశాను మాస్టారూ" అన్నాడు సాయంత్రం వచ్చి. "అందులో ఒకటి బస్తాల లెక్క కూడా పడింది. మీరు చెప్పినట్టే."

"ఇంకేం! బెల్లంముక్క పెట్టవే వాడికి" అని అరిచాను లోపలికి.

పది రోజులకి పేర్లు అంటించారు. బుడాన్ పేరు లేదు. పొరపాటు పడ్డారేమోనని రెండుసార్లు చదివి, ఆ తర్వాత లెక్కల లెక్చరరు గది వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన మంచివాడేనట. విసుక్కోకుండా వీడి కాగితం వెతికి తీశాడు. అక్కడ జరిగిన మాటలు బుడాన్ నాకు చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"ఐదు కరెక్టు చేశావోయ్. ఒక్కటి తక్కువైంది. ఇదిగో, ఇది కూడా అంతా బాగానే చేశావు గాని... నలభై రెండున్నర కిలోల బస్తాలు ముప్పై ఆరు. పదిహేను వందల ముప్పై రావాలి. నువ్వు పద్నాలుగు వందల యాభై ఎనిమిది రాశావు. డెబ్బై రెండు కిలోలు ఏమైనాయి?"

"తరుగండి."

"ఏమిటి?"

"తరుగండి. బస్తాకి రెండు కిలోలు."

"ప్రశ్నలో తరుగు తీయమని ఎక్కడ రాసుందయ్యా?"

"రాయరండి. ఎక్కడా రాయరు."

ఆయన కాసేపు కాగితం వంక, వీడి వంక చూశాడట. "మరి ఆ డెబ్బై రెండు కిలోలు ఎవరికి పోతాయి?" అని అడిగాడట. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక. ఆరేళ్ళు రోజూ వందల బస్తాలకి రెండేసి తీసిన బుడాన్‌కి, అవి ఎవరికి పోతాయో నోరు తెరిచి చెప్పవలసి రావడం అదే మొదటిసారి. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాడు.

తిన్నగా మా ఇంటికే వచ్చాడు. ఇదంతా చెప్పాడు. చెప్పి, నోటుపుస్తకం తెరిచి ఇరవై మూడో పేజీ నా ముందు పెట్టాడు.

"మీరు కూడా టిక్కు పెట్టారుగదండీ, అందుకని నేను..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం వాడు పూర్తి చేయలేదు. చేసి నన్ను తిట్టినా బావుండేది.

మర్నాడు నేను గుంటూరు పోయాను. ఆ లెక్చరరుని కలిసి, తప్పు నాదని, కుర్రవాడికి లెక్క వచ్చని, ఎదురుగా కూర్చోబెట్టి అడగమని బతిమాలాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మాస్టారూ, మీ టిక్కుకి నేను మార్కు వేయలేను. ఐదొచ్చినవాళ్ళు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు" అన్నాడు. అదీ నిజమే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పత్తిచేల కేసి చూస్తూ తిరిగొచ్చాను. ముప్పై ఆరు రెళ్ళు డెబ్బై రెండు, ముప్పై ఆరు రెళ్ళు డెబ్బై రెండు, దారంతా ఇదే.

బుడాన్ మళ్ళీ కాటా దగ్గరికి పోయాడు. పోయిన మొదటిరోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, పది ఖాళీ గోతాలు కట్టగా కట్టి తట్టలో పెట్టి తూచాడట. పదీ కలిపి పది కిలోల మీద ఒకే ఒక్క పలచటి రాయి. అంటే గోతానికి కిలో, మహా అయితే ఒక గుప్పెడు పైన. "మిగతా కిలో తేమకనుకుందామన్నా, మే నెల ఎండలో కాయ గలగల్లాడుతుంటే తేమేందండీ మాస్టారూ?" అన్నాడు.

ఆ వారమే వినుకొండ వైపు నుంచి యలమందయ్య అనే రైతు రెండు బండ్ల మిరపకాయలు తోలుకొచ్చాడు. సీజను చివర సరుకు. పైన మబ్బు ముసురుకుంటోంది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను, బుడాన్‌ని చూసిపోదామని వెళ్ళి. మొదటి బస్తా ఎక్కించారు. ముల్లు నిలిచింది. బుడాన్ అరిచాడు.

"నలభై ఒకటి!"

గుమాస్తా పెన్ను ఎత్తి అలాగే ఉండిపోయాడు. చాప మీద కూర్చున్న చెంచురామయ్యగారు తల తిప్పాడు. "ఏరా, ఏం కూశావు?"

"కాటా నలభై ఒకటి చూపిస్తందండి. తరుగు రెండు. మిగిలేది ముప్పై తొమ్మిది. రెండూ చెబుతున్నా."

తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా చేతులాపారు. అందులో కరీమున్ కూడా ఉంది. బుడాన్ రైతు వైపు తిరిగాడు.

"యలమందయ్య బాబాయ్, గోతం బరువు కిలోనే. నేను తూచి చూశా. బస్తాకి ఇంకో కిలో ఊరికే పోతంది నీకు."

యలమందయ్య మబ్బు వైపు చూశాడు. బండ్ల వైపు చూశాడు. అప్పుడే ఒక చినుకు వచ్చి బస్తా మీద పడింది.

"మా తాత కాడ్నుంచీ ఉన్నదే బుడానూ ఇది. ఇయ్యాల నువ్వు కొత్తగా కనిపెట్టావా? నాకు తెలవదా?" అని గయ్యిమన్నాడు. "మబ్బు కనపడట్లా? కాయ తడిస్తే ఎవడు కొంటాడు, నువ్వు కొంటావా? ముందు నా బస్తాలు లోపలికి తోలించవయ్యా. నీ లెక్కలు తర్వాత చెబుదువు!"

చెంచురామయ్యగారికి కోపం కూడా రాలేదు, అదీ వింత. పొట్ట కదిలేలా నవ్వాడు. "కాలేజీకి పోకుండానే ఇంత తెలివొస్తే, పోతే ఏమయ్యేవాడివిరా? కానీయ్, కానీయ్. వానొస్తంది."

బుడాన్ త్రాసు తాడు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. రెండో బస్తా ఎక్కింది. ముల్లు నిలిచింది. "ముప్పై ఎనిమిదిన్నర" అని ఒక్క అంకే అన్నాడు. ఆ గొంతు నాకు వినపడీ వినపడనట్టుంది. గుమాస్తా రాసుకున్నాడు. ఆడవాళ్ళు మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టారు. నేను వానలో తడుస్తూ ఇంటికొచ్చాను.

తర్వాత సంవత్సరం ఏప్రిల్లో నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "ఒరేయ్, మళ్ళీ రాద్దువుగాని రా. ఈసారి బస్తాల జోలికే పోను. రైళ్ళు, తోటలు, తొట్లలో నీళ్ళు, వీటితో చెబుతా" అన్నాను. గుమ్మంలో కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. నవ్వాడు గాని, అది నాకు తెలిసిన నవ్వు కాదు.

"లెక్క వచ్చండి మాస్టారూ. ఇప్పుడు రాస్తే తరుగు తీయను. కానీ పొద్దున కాటా దగ్గరికి పోయి తీయాలిగదా. మధ్యాహ్నం మీ దగ్గరకొచ్చి తీయకూడదు. సాయంత్రం మళ్ళీ తీయాలి. పోయినేడు నాకది తెలవదు కాబట్టి జరిగిపోయింది. ఇప్పుడు తెలిసింది. రెండు లెక్కలూ ఒక తలలో పెట్టుకుని నిలబడలేనండి. ఇంట్లో నలుగురం తినాలి, అందుకని కాటా లెక్కే ఉంచుకున్నా."

"అది కాదురా, ఒక్క రెండునెలలు..."

"వద్దులెండి మాస్టారూ" అని, నోటుపుస్తకం లోపల్నుంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉంచండి. ఇంట్లో ఉంటే చూడాలనిపిస్తది."

వీధి మలుపు దాకా కరీమున్ నా వెనకే వచ్చింది. "మాస్టారుగారూ, ఈయన ఇంట్లో బియ్యం కొలిచినా 'లాభం' అనటం మానేశాడండి. 'ఒకటి' అంటన్నాడు. చెడు శకునం గదండీ, నాకు భయమేస్తంది. మీరన్నా చెప్పండి" అంది. ఏమని చెప్పను తల్లీ అని మనసులో అనుకుని, పైకి "చెబుతాలే" అన్నాను. చెప్పలేదు. నేను చెప్పకుండా వదిలేసిన వాటిలో అదింకొకటి.

అరవై ఏడులో, నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఏడాది కారానికి కాయలు కొందామని ఆ కొట్టుకే పోయాను. బుడాన్‌కి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళే గాని, కణతల దగ్గర తెల్లబడింది. వాళ్ళ నాన్నకి దూది ఏం చేసిందో వీడికి ఘాటు అదే చేస్తున్నట్టుంది. రెండు మాటలకోసారి దగ్గుతున్నాడు.

నేను కాయలు చూస్తుండగానే తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇతను వేరే మనిషి, కొత్త కుర్రాడు. చేతిలో అదే పెట్టె, లోపల అవే బుజ్జి ఇత్తడిరాళ్ళు. చెంచురామయ్యగారు లేచి కుర్చీ వేశాడు. ఇన్‌స్పెక్టరు కూర్చోలేదు. రాళ్ళన్నీ ఒక్కొక్కటి సరిచూశాడు. ఖాళీ తట్టలతో ముల్లు చూశాడు. తట్టలు మార్చి చూశాడు. పనిమంతుడే, ఎక్కడా తొందరపడలేదు. బుడాన్ తాడు పట్టుకుని పక్కనే నిలబడి, ఆ ఇత్తడిరాళ్ళనే చూస్తున్నాడు.

"బానే ఉంది" అంటూ ఇన్‌స్పెక్టరు పుస్తకం తీశాడు. రాయబోతూ, మాట వరసకి అడిగాడు బుడాన్‌ని, "రోజూ తూచేవాడివి నువ్వేగా? కాటాలో తేడా ఏమీ లేదుగా?"

చెంచురామయ్యగారు బుడాన్ వైపు చూశాడు. నేనూ చూశాను. బుడాన్ నా వైపు ఒక్కసారి చూసి, చూపు దించుకున్నాడు.

"కాటాలో లేదండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు రాసుకుని, సంతకం పెట్టి, పెట్టె మూసి పక్క కొట్టుకి పోయాడు. హమాలీలు బస్తా ఎక్కించారు. నేను ముల్లు వంక చూస్తూ నిలబడ్డాను. నలభై రెండు కిలోల రాళ్ళకి నిలిచింది.

"నలభై" అని అరిచి, బుడాన్ దగ్గు అందుకున్నాడు.